వృత్తంలో కూర్చున్నవారి మాటలకు శాతాలు కట్టకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ పత్రిక లోపలి పేజీలో పిల్లల ఇంటిపని మీద జరిగిన ఒక అధ్యయనం గురించి వార్త వేశారు. ఫోకస్ గ్రూపుల్లో, అంటే పరిశోధన కోసం జరిపే బృంద చర్చల్లో, పాల్గొన్న తల్లిదండ్రుల్లో "అత్యధిక శాతం" ఇంటిపని భారంగా ఉందని అన్నారని రాశారు. పక్కనే రంగుల్లో ఒక గుండ్రటి పటం, అందులో ముక్కలు ముక్కలుగా శాతాలు. ఆ పటం దగ్గర నేను ఆగిపోయాను. వార్త రాసిన విలేఖరిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన చేతికి వచ్చిన నివేదికలోనే ఆ పటం ఉండి ఉంటుంది. అలాంటి నివేదికలకు ముడిసరుకు అందించే పనిలో 18 ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నా పని ఏమిటో చెబుతాను. విద్య, ఆరోగ్య పరిశోధనల్లో బృంద చర్చలు జరిగినప్పుడు చర్చ నడిపే మోడరేటర్ ఒకరు ఉంటారు. వృత్తానికి కాస్త వెలుపల, గోడ వైపు కుర్చీ వేసుకుని నోట్సు రాసే మనిషి ఇంకొకరు ఉంటారు. ఆ రెండో మనిషిని నేను. రెండు రికార్డర్లూ తిరుగుతున్నాయో లేదో చూసుకుంటాను. ఎవరు ఎక్కడ కూర్చున్నారో బొమ్మ గీసి, ఒక్కొక్కరికి ఒక నంబరు ఇస్తాను. ఎవరైనా మాట్లాడడం మొదలుపెట్టగానే నంబరు వేసి, వాళ్ళ మొదటి రెండు మాటలు పక్కన రాసుకుంటాను. తర్వాత రికార్డింగు వినేటప్పుడు ఏ గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి అదే ఆధారం. ఇంటికి వచ్చాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ గంటన్నర మాటలనూ కాగితం మీదకు ఎక్కిస్తాను. ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడిన చోట అర నిమిషం ముక్కను పదేసి సార్లు వెనక్కి తిప్పి వినాలి. గంటన్నర చర్చ పూర్తిగా రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది. ఎవరు ఎక్కడ ఆగారు, ఎక్కడ నవ్వారు, ఎవరి వైపు చూసి మాట మార్చారు, ఇవన్నీ రాస్తాను.

ఫోకస్ గ్రూపు అంటే ఒకే అనుభవం ఉన్న ఆరుగురినో, ఎనిమిది మందినో కూర్చోబెట్టి, ఒకే విషయం మీద గంట, గంటన్నర మాట్లాడించడం. చాలామంది దీన్ని ఒకేసారి ఎనిమిది మందిని సర్వే చేసే పద్ధతి అనుకుంటారు. మీ పేజీలోని పటం కూడా ఆ పొరపాటు నుంచే పుట్టింది. మోడరేటర్ ఒక్కొక్కరినీ వరసగా ప్రశ్న అడిగి జవాబులు తీసుకుంటే అది ఫోకస్ గ్రూపు కానే కాదు. వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఒకరి మాటకు ఇంకొకరు అడ్డం పడాలి. ఒకరు మరిచిపోయినది ఇంకొకరు గుర్తు చేయాలి. పరిశోధనకు పనికివచ్చేది ఆ మాటల మధ్యలోనే దొరుకుతుంది.

ఈ పద్ధతి పుట్టుక తెలిస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. 1941 నవంబరులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో రేడియో పరిశోధన నడుపుతున్న పాల్ లాజర్స్‌ఫెల్డ్, తన సహోద్యోగి రాబర్ట్ మెర్టన్‌ను ఒక స్టూడియోకు తీసుకువెళ్ళారు. అక్కడ కొంతమంది శ్రోతలు రికార్డు చేసిన రేడియో కార్యక్రమం వింటున్నారు. విన్నది నచ్చితే పచ్చ బొత్తాం, చిరాకో అపనమ్మకమో కలిగితే ఎర్ర బొత్తాం నొక్కుతున్నారు. ఎప్పుడు ఏది నొక్కారో యంత్రం గీత గీస్తోంది. కార్యక్రమం అయ్యాక, ఎందుకు నొక్కారో వాళ్ళను అడిగే తీరు చూసిన మెర్టన్‌కు అది తృప్తి కలిగించలేదు. తర్వాతి బృందంతో తానే మాట్లాడారు. ఫోకస్ గ్రూపులకు మూలం అక్కడ ఉంది. లెక్క పని యంత్రం చూసుకుంటోంది, మనిషి కావలసి వచ్చింది "ఎందుకు" అని అడగడానికే. అదే మెర్టన్ 1987లో వెనక్కి తిరిగి చూసుకుని, తాము ఆ చర్చలను కొత్త ఆలోచనలు వెతకడానికి వాడామని, వాటిని తర్వాత పెద్ద సర్వేలతోనో ప్రయోగాలతోనో సరిచూడాలని అనుకున్నామని చెప్పారు. ఆ సరిచూసుకోవడం లేకుండానే ఫోకస్ గ్రూపులను వాడేస్తున్నారని బాధపడ్డారు.

ఇప్పుడు నా నోట్సులోని ఒక చర్చ చెబుతాను. ఎవరినీ పోల్చుకునే వీలు లేకుండా వివరాలు తీసేశాను.

మధుమేహానికి ఇన్సులిన్ వాడేవాళ్ళు ఏడుగురు కూర్చున్నారు. మందు క్రమం తప్పకుండా వాడుతున్నారా అన్నది విషయం. మూడో నంబరు కుర్చీలోని పెద్దాయన అందరికంటే ముందు, "పన్నెండేళ్ళలో నేను ఒక్క పూట కూడా మానలేదు" అన్నారు. గర్వంగా అన్నారు. మిగతా ఆరుగురూ తలలు ఊపారు. మోడరేటర్ ఇంకో వైపు నుంచి అడిగి చూసింది. మళ్ళీ అదే జవాబు వచ్చింది. ఆ క్షణాన చేతులు ఎత్తమని ఉంటే ఏడు చేతులూ లేచేవి.

47వ నిమిషంలో, మాట ఇన్సులిన్ ఎక్కడ దాచుకుంటారన్న దాని మీదకు వెళ్ళినప్పుడు, ఆరో నంబరు కుర్చీలోని ఆవిడ, "ఆఫీసులో నేను సూది బాత్రూములో వేసుకుంటానండీ. అక్కడ వేసుకోవాలంటే నాకు అసహ్యం. ఒక్కోసారి ఇంటికి వెళ్ళాక వేసుకుందాంలే అనుకుంటాను" అన్నారు. రెండో నంబరు ఆవిడ తల తిప్పి, "వెళ్ళాక వేసుకుంటారా మరి?" అని అడిగారు. మా మోడరేటర్ ఎప్పటికీ అడగలేని ప్రశ్న అది. ఆమె అడిగితే నిలదీసినట్టు ఉంటుంది. సాటి రోగి అడిగితే పలకరింపులా ఉంది. ఆరో నంబరు ఆవిడ, "లేదు" అన్నారు. రికార్డింగులో అక్కడ నాలుగు సెకన్ల మౌనం ఉంది. ఆ తర్వాత పెద్దాయన గొంతు తగ్గించి, "ప్రయాణాల్లో నేనూ అంతేనమ్మా. బస్సులో అందరి ముందూ చొక్కా ఎలా ఎత్తను?" అన్నారు. ఆపైన పది నిమిషాలపాటు మోడరేటర్ నోరు విప్పవలసిన అవసరమే రాలేదు.

ఆ పెద్దాయన మొదట అబద్ధం చెప్పారని నేను అనుకోను. ఆ గదిలో ఏది చెప్పుకోవచ్చో అప్పటికి ఆయనకు తెలియదు. ఒకరు చెప్పాక తెలిసింది. ఇప్పుడు గుండ్రటి పటం గీసేవారిని ఒకటే అడుగుతాను. ఆయన్ను ఏ ముక్కలో వేస్తారు? మానలేదన్న ముక్కలోనా, మానేశానన్న ముక్కలోనా? ఆయన రెండూ అన్నారు. ఒకదాని నుంచి రెండోదానికి ఎలా వచ్చారన్నదే మేము ఆ రోజు తెలుసుకున్నది. ఆ పరిశోధకులు మంచివాళ్ళు. ఆ పేజీ చదివి, తర్వాత చేయబోయే సర్వేలో ఒక ప్రశ్న మార్చారు. "క్రమం తప్పకుండా వేసుకుంటారా?" అన్నది తీసేసి, "ఇంట్లో లేనప్పుడు సూది ఎక్కడ వేసుకుంటారు?" అని పెట్టారు. ఎంతమంది అన్న లెక్క ఆ సర్వేలో తీశారు. లెక్కకు చోటు అదీ.

బ్రిటన్‌లో జెన్నీ కిట్జింగర్ అనే పరిశోధకురాలు ఎయిడ్స్ గురించి టీవీ, పత్రికలు చెప్పేదాన్ని జనం ఎలా అర్థం చేసుకుంటున్నారో తెలుసుకోవడానికి 52 బృందాలతో చర్చలు జరిపారు. 1994లో ఆమె రాసిన వ్యాసంలో ఒక మాట నా మనసులో నాటుకుపోయింది. ఫోకస్ గ్రూపుల ఆధారంగా వచ్చిన 40కి పైగా నివేదికలు తిరగేస్తే, పాల్గొన్నవారు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నదాని మీద దృష్టి పెట్టినది ఒక్కటీ కనిపించలేదట. ఎక్కడ చూసినా ఒక్కొక్కరి మాట విడివిడిగా తెంపి పెట్టారు. ఆ వ్యాసం వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. నేను రాసి ఇచ్చే పేజీలకు ఇప్పటికీ ఎక్కువగా అదే జరుగుతోంది. రెండో నంబరు ఆవిడ అడిగిన ప్రశ్న ఎగిరిపోతుంది, నాలుగు సెకన్ల మౌనం ఎగిరిపోతుంది, "నేనూ అంతేనమ్మా"లో ఆ "నేనూ" దీర్ఘం ఎందుకు వచ్చిందో చెప్పేవాళ్ళు ఉండరు.

ఇక బడులకు వస్తాను. అక్కడ నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఎవరి ఎదుట ఎవరిని కూర్చోబెడుతున్నారన్నది. ఒక చర్చలో తొమ్మిది మంది ఉపాధ్యాయులు, వాళ్ళతోపాటు ప్రధానోపాధ్యాయురాలు కూర్చున్నారు. ఆవిడ మర్యాదస్తురాలు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. అయినా ప్రశ్న పడిన ప్రతిసారీ తొమ్మిది జతల కళ్ళు ముందు ఆవిడ వైపు వెళ్ళి, తర్వాత మోడరేటర్ వైపు తిరిగేవి. కొత్త బోధన పద్ధతి బాగుందని అందరూ చెప్పారు. మధ్యలో ఆవిడకు ఫోను వచ్చి బయటకు వెళ్ళారు. తలుపు మూసుకున్న చప్పుడు రికార్డింగులో స్పష్టంగా వినిపిస్తుంది. మళ్ళీ తెరుచుకోవడానికి 11 నిమిషాలు పట్టింది. ఆ 11 నిమిషాల్లో, కొత్త పద్ధతిలో ప్రతి పాఠానికీ నింపవలసిన పట్టికలు ఎన్నో, వాటిని ఎవరు ఏ రాత్రి కూర్చుని నింపుతున్నారో, పాఠం చెప్పకుండానే చెప్పినట్టు ఎక్కడ టిక్కు పెడుతున్నారో బయటికి వచ్చింది. తలుపు తెరుచుకోగానే ఒకాయన వాక్యం సగంలో ఆపేసి నీళ్ళ గ్లాసు అందుకున్నారు. నా ప్రతిలో ఆవిడ వెళ్ళిన నిమిషం, వచ్చిన నిమిషం రెండూ రాశాను. తుది నివేదికలో ఆ రెండు గుర్తులూ లేవు. 11 నిమిషాల మాటలూ మిగతా 80 నిమిషాల మాటలూ కలిపేసి, "అభిప్రాయాలు మిశ్రమంగా ఉన్నాయి" అని రాశారు. మిశ్రమం ఏమీ లేదు. తలుపు మూసి ఉన్నప్పుడు ఒకటి, తెరిచి ఉన్నప్పుడు ఇంకొకటి.

సోలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల తొలినాళ్ళలో చేసిన ప్రయోగాలు చాలామందికి తెలిసే ఉంటాయి. గీతల పొడవులు పోల్చడమే పని. పసిపిల్లలకు కూడా తప్పు పోని పని. గదిలో మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెబుతుంటే, అసలు పరీక్షకు వచ్చినవారు మూడింట ఒక వంతు సందర్భాల్లో ఆ తప్పు జవాబే చెప్పారు. గుంపులో ఒక్కరు సరైన జవాబు చెప్పేసరికి ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య, గీతల విషయంలోనే అంత లొంగిపోతే, ఉద్యోగం చేయించే మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు సంగతి ఏమిటో ఆలోచించండి. ఇన్సులిన్ చర్చలో ఆరో నంబరు ఆవిడ చేసిన మేలు కూడా ఇప్పుడు అర్థమవుతుంది. పెద్దాయనకు తోడుగా నిలిచిన ఆ ఒక్కరు ఆవిడే. గుణాత్మక పరిశోధనలు, అంటే అంకెల మీద కాక మనుషుల మాటల మీద ఆధారపడేవి, ఎలా నివేదించాలో 2007లో 32 అంశాలతో ఒక పట్టిక వచ్చింది. పాల్గొన్నవారు, పరిశోధకులు కాక గదిలో ఇంకెవరైనా ఉన్నారా అన్నది అందులో ఒక ప్రశ్న. ఆరోగ్య పరిశోధన పత్రికలు ఎన్నో ఆ పట్టిక నింపమంటాయి. బడుల మీద జరిగే అధ్యయనాలను కూడా ఆ ప్రశ్న అడగడానికి అడ్డేమీ లేదు.

ఇంకొకటి మన భాషకు సంబంధించినది. ప్రశ్నల పట్టిక చాలాసార్లు ఇంగ్లీషులో తయారై, తెలుగులోకి మారి మా చేతికి వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలతో లెక్కల గురించి మాట్లాడమన్నారు. కాగితం మీద ఉన్న ప్రశ్న ఇది: "గణిత అభ్యసనంలో మీకు ఎదురయ్యే అవరోధాలు ఏమిటి?" మోడరేటర్ ఉన్నది ఉన్నట్టు చదివింది, మార్చకూడదని ఆమెకు చెప్పి పంపారు. పిల్లలు చకచకా చెప్పారు. జామెట్రీ బాక్సు, గ్రాఫు కాగితాలు, కొత్త బల్లలు, ఫ్యాను. ఒక అమ్మాయి మాత్రం చివరి దాకా పలకలేదు. తన నంబరు రాసిన అట్టముక్క అంచులు సన్నగా చింపుతూ కూర్చుంది. చర్చ అయ్యాక నేను కుర్చీలు సర్దుతుంటే దగ్గరికి వచ్చి, "టీచర్, అవరోధాలు అంటే ఏమిటి?" అని అడిగింది. కష్టాలు, అడ్డంకులు అని చెప్పాను. "అయితే వాళ్ళంతా అవసరాలు అనుకున్నారు" అంది.

ఇంటికి వచ్చి రికార్డింగు విన్నాను. ఆ పిల్ల చెప్పింది నిజం. మొదట జవాబిచ్చిన అబ్బాయి "మా అవసరాలు" అనే మొదలుపెట్టాడు. మిగతా పిల్లలు ఆ దారినే వెళ్ళారు. కూడికలో ఎక్కడ తడబడతారో, భిన్నాలంటే ఎందుకు భయమో, బోర్డు దగ్గరికి పిలిస్తే ఏమవుతుందో, గంటసేపు మాట్లాడి కూడా ఒక్క పిల్ల నోట మేము వినలేదు. నోట్సు చివర ఈ సంగతి పెద్ద అక్షరాలతో రాసి పంపాను. నివేదికలో మాత్రం "విద్యార్థులు ప్రధానంగా వసతుల లేమిని అవరోధంగా గుర్తించారు" అని వచ్చింది. ఆ వాక్యం ఆధారంగా ఎవరైనా జామెట్రీ బాక్సులు పంచితే పిల్లలు సంతోషిస్తారు, కాదనను. భిన్నాల భయం ఎక్కడిది అక్కడే ఉంటుంది. "లెక్కలు చేసేటప్పుడు మీకు ఎక్కడ కష్టంగా ఉంటుంది?" అని అడిగి ఉంటే చాలు. అసలు చర్చకు ముందు ఇద్దరు ముగ్గురు పిల్లల దగ్గర ప్రశ్నలు చదివి చూసుకోవడానికి అరపూట కూడా పట్టదు. ఆ అరపూట దొరకని అధ్యయనాలే నేను ఎక్కువగా చూశాను.

గోప్యత గురించి కూడా చెప్పాలి. సమ్మతి పత్రంలో "మీరు చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచుతాము" అని రాస్తారు. ఒక్కరితో విడిగా మాట్లాడితే ఆ మాట నిలబెట్టుకోగలం. ఎనిమిది మంది వృత్తంలో మా ఇద్దరి తరఫునే మేము మాట ఇవ్వగలం, మిగతా ఏడుగురి నోళ్ళకు తాళం వేయలేం. గర్భస్రావం గురించి ఒక చర్చలో చెప్పుకున్న ఆవిడను, నెల తర్వాత బస్టాపులో ఇంకొకరు పలకరించి, "ఆ రోజు మీరు చెప్పింది విని నాకు ఏడుపు వచ్చిందండీ" అన్నారట. అన్నావిడ మంచి మనసుతోనే అన్నారు. విన్నావిడ పక్కన అత్తగారు నిలబడి ఉన్నారు. ఆవిడ నాకు ఫోను చేసి గట్టిగా తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది. "ఎవరికీ చెప్పము అని మీరే అన్నారు కదా" అని మాత్రం అన్నారు. అప్పటి నుంచి నేను పనిచేసే ప్రతి చర్చలో, మొదటి ప్రశ్నకు ముందే, ఈ గదిలో చెప్పినది బయటికి పోదని మేము హామీ ఇవ్వలేమని, బయటికి పోకూడదనుకున్నది ఇక్కడ చెప్పవద్దని, కావాలంటే తర్వాత విడిగా మాట్లాడతామని చెప్పిస్తున్నాను. మోడరేటర్ మరిచిపోతే నేనే లేచి చెబుతాను. దీనివల్ల కొందరు ముడుచుకుపోతారని ఒక పరిశోధకుడు నన్ను మందలించారు. ముడుచుకుపోనివ్వండి. అలాంటి సంగతులకు వృత్తం సరైన చోటు కాదు, విడిగా కూర్చుని మాట్లాడే పద్ధతి ఉండనే ఉంది.

ఎన్ని చర్చలు జరిపితే చాలన్నది మీ పాఠకులు అడగదగ్గ ప్రశ్నే. గ్రెగ్ గెస్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 40 ఫోకస్ గ్రూపుల మాటలు విశ్లేషించి 2017లో ఫలితం ప్రకటించారు. మొత్తం బయటపడిన అంశాల్లో 80 శాతానికి పైగా రెండు మూడు బృందాల్లోనే దొరికాయి, 90 శాతం మూడు నుంచి ఆరు బృందాల్లో దొరికాయి. ఒకే రకమైన మనుషులతో ఒకే విషయం మీద జరిగిన చర్చల సంగతి ఇది. ఇక్కడ శాతం ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ శాతం అంశాలది. ఏయే సంగతులు ఉన్నాయో వెతకడానికి ఆరు బృందాలు సరిపోవచ్చు. ఏ సంగతి ఎంతమందికి వర్తిస్తుందో చెప్పడానికి అరవై కూడా సరిపోవు, ఎందుకంటే ఆ మనుషులను మేము చీటీలు తీసి ఎంచుకోలేదు. రాగలిగినవాళ్ళను, మాట్లాడగలిగినవాళ్ళను, ఆ పూట ఖాళీ ఉన్నవాళ్ళను పిలిచాము.

అందుకని మీకు నా విన్నపం. ఇలాంటి నివేదిక మీ బల్ల మీదకు వచ్చినప్పుడు, ఆ వృత్తంలో ఎవరెవరు కూర్చున్నారని అడిగించండి. ఇంటిపని గురించి తల్లిదండ్రులు బడిలోనే, పిల్లల టీచరు ఎదుటే మాట్లాడారా, వేరే చోటనా? ప్రశ్న ఏ మాటల్లో అడిగారు? పేర్లు తీసేసి, పాల్గొన్నవారిలో ఇద్దరు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న ఒక్క పేజీ చూపించమనండి. అలాంటి పేజీ లేదంటే ఆ చర్చ సరిగా జరగలేదని అర్థం. ఉంటే ఆ గుండ్రటి పటం తీసేసి, అంతే చోటులో ఆ ఇద్దరు తల్లుల నాలుగు వాక్యాలు వేయండి. ఇంటిపని ఎవరి ఇంట్లో, రాత్రి ఎన్ని గంటలకు, ఎవరి పక్కన కూర్చుని జరుగుతోందో మీ పాఠకులు వాటిలో చదువుకుంటారు.

ఇట్లు,
బృంద చర్చలకు నోట్సు రాసే ఒక పాఠకురాలు